మడ అడవికి కామెర్లు తెప్పించిన వైనం

మనుషులకి జబ్బులు తెప్పించేవాళ్లని మీరు చూసే ఉంటారు. పెళ్లిళ్లలో వంటవాళ్లు, వానాకాలంలో పకోడీ బండివాళ్లు ఆ కోవలోకే వస్తారు. కోళ్లకీ గేదెలకీ తెప్పించిన ఘనులు కూడా ఉంటారు. కానీ ఒక అడవికి, అదీ కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట కనుచూపు ఆనినంత మేర పరుచుకున్న మడ అడవికి, ఒక్క మధ్యాహ్నంలో కామెర్లు తెప్పించిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. అది నేనే. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది. మీరు మాత్రం నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నాకు పాతికేళ్లు. మాది బందరు. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, మా తాతయ్య తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా వంశంలో అందరూ ఇతరుల తప్పులు దిద్దినవాళ్లే. స్వయంగా తప్పు చేసే అవకాశం మొదటిసారి నాకే దక్కింది. నేను దాన్ని పూర్తిగా వాడుకున్నాను.

చదువయ్యాక హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో నాకు ఉద్యోగం వచ్చింది. పని ఏమిటంటే, విమానంలోంచి అడవిని కొలవడం. విమానం పొట్టలో రెండు పరికరాలుంటాయి. ఒకటి లేజరు కిరణాలు కిందికి వదిలి చెట్లు ఎంత ఎత్తున్నాయో, కొమ్మలు ఎంత గుబురుగా ఉన్నాయో లెక్కగడుతుంది. రెండోది కెమెరా. ఆకుల మీద పడి తిరిగొచ్చే వెలుగుని రంగురంగులుగా విడదీసి, ఆకుల్లో పత్రహరితం ఎంత ఉందో చెబుతుంది. పత్రహరితం పుష్టిగా ఉన్న ఆకు ఎర్రటి వెలుగుని మింగేస్తుంది. ఆకు నీరసించిందంటే ఎరుపు మింగలేక వెనక్కి వదిలేస్తుంది. ఇదంతా విని మా అమ్మ చుట్టుపక్కల వాళ్లకి "మావాడు విమానం నడుపుతాడు" అని చెప్పుకుంది. నిజానికి నేను విమానం నీడలో కూడా నిలబడలేదు. నా పని నేల మీద.

మా పై అధికారి రాజ్యలక్ష్మి మేడమ్. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ నన్ను పిలిచి చెప్పింది.

"మూర్తీ, ఎండ రోజుకో రకంగా ఉంటుంది. గాలిలో దుమ్ముంటుంది, ఆవిరి ఉంటుంది. అందుకని విమానం ఎగిరే రోజు కింద ఒక పెద్ద తెల్లగుడ్డ పరుస్తాం. ఆ గుడ్డ ఎంత తెలుపో మనకి ముందే తెలుసు. కెమెరా దానితో పోల్చి మిగతా అడవినంతా లెక్కగడుతుంది. అంటే ఆ గుడ్డ మనకి తక్కెడలో కిలోరాయి లాంటిది. కిలోరాయిని ఎవరూ చెక్కరు, అరగదీయరు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

అర్థమైనట్టు తల ఊపడంలో నేను మొదటినుంచీ ఫస్టు క్లాసే.

బందరు పక్కనే నేతకీ అద్దకాలకీ పేరున్న పెడన ఉండగా గుడ్డకి వేరే ఊరెందుకని నేరుగా అక్కడికెళ్లాను. ఒక నేతగాడి ఇంట్లో అచ్చులు అద్దని తెల్లటి నూలుగుడ్డ తాన్లు కనిపించాయి.

"ఏ కొలతకి కావాలి బాబూ? పంచెలకా, దుప్పట్లకా?" అన్నాడాయన.

"ఆరు మీటర్ల పొడుగు, ఆరు మీటర్ల వెడల్పు ఉండాలండీ."

"అంత దుప్పటి ఎవరు కప్పుకుంటారండీ?"

"కప్పుకోడానికి కాదండీ. విమానంలోంచి చూడ్డానికి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత జాలిగా, "పోనీ అంచుకి నాలుగు నెమళ్లు అద్దించమంటారా? పైనుంచి చూసేవాళ్లకి అందంగా ఉంటది" అన్నాడు. ఆ నెమళ్లే అద్దించుకుని ఉంటే ఆ తర్వాత జరిగిన ఘోరం తప్పేదేమో. మేడమ్ అక్కడికక్కడే నన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఉండేది.

నాలుగు వెడల్పులు కలిపి కుట్టించి, మూల నుంచి జేబురుమాలంత ముక్క కోసి హైదరాబాదు పంపాను. మేడమ్ దాన్ని కొలిచి ఫోన్ చేసింది. "మంచి తెలుపు. అన్ని రంగులనీ సమానంగా వెనక్కి పంపుతోంది. ఇక ఆ గుడ్డ జోలికి వెళ్లకు. సరిగ్గా అలాగే ఉండాలి." అలాగే ఉంచుతానని మాటిచ్చాను.

మాట నిలబెట్టుకోవడం బందరు బస్టాండు వరకే సాధ్యమైంది. అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లే బస్సు కిటకిటలాడిపోతోంది. గుడ్డ మూటని సీటు కింద పెట్టాను. పక్కన ఒకావిడ చేపల బుట్ట దింపింది. "ఖాళీదే బాబూ, పొద్దున్నే అమ్మేసొస్తన్నా" అంది. బుట్ట ఖాళీదే. బుట్టలో నీళ్లు మాత్రం ఖాళీ కాలేదు. నాగాయలంకలో దిగి మూట విప్పి చూసుకుంటే, నా కిలోరాయి నడిబొడ్డున గోధుమరంగు మరక ఒకటి, జిల్లా సరిహద్దులతో సహా గీసిన పటంలా పరుచుకుని ఉంది. వాసన సంగతి చెప్పను. ఆ బస్సులో పిల్లి ఏదైనా ఎక్కి ఉంటే అదే చెప్పాలి.

అప్పుడు నేను చేయాల్సింది చాలా చిన్న పని. ఎదురుగా ఎస్టీడీ బూతు ఉంది. మేడమ్‌కి ఫోన్ చేసి, "గుడ్డ పాడైంది, ఇంకోటి తెస్తాను" అంటే సరిపోయేది. మరి పాతికేళ్ల కుర్రాడు తన తప్పుని తనే ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటే ఇప్పుడు మీకు చెప్పడానికి కథెక్కడిది? విమానం ఎల్లుండి పొద్దున. మేడమ్ రేపు సాయంత్రానికి వస్తుంది. మధ్యలో ఒకటిన్నర రోజు ఉంది. ఉతికేస్తే సరి అనుకున్నాను.

నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే ఒక పల్లెపాలెం వస్తుంది. అక్కడ నాంచారయ్య అనే ఆయన ఇంట్లో మా బస. యాభై దాటిన మనిషి. మడ అడవిలో పాయల వెంట పడవేసుకుని పీతలు, చేపలు పట్టడం ఆయన బతుకు. పాలెంలో పెద్దవాడు కూడా. చెట్ల ఎత్తు కొలవడానికి మమ్మల్ని పడవలో తిప్పింది ఆయనే. నేను ఆయన్ని మావయ్య అనీ, ఆయన భార్య బసవమ్మని అత్తా అనీ పిలిచేవాణ్ణి.

బసవమ్మ అత్త మరక చూసి, "ఇటియ్యి నాయనా, చిటికెలో ఉతికి పడేస్తా" అంది.

"వద్దత్తా. ఇది సైన్సు గుడ్డ. దీనికో పద్ధతుంది."

"గుడ్డకి కూడా సైన్సేంటి నాయనా?"

"అది మీకు చెప్పినా తెలియదులే."

పాఠకులారా, ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. ఇలాంటి వాక్యం పలికినవాడెవడూ జీవితంలో బాగుపడలేదు.

ఉప్పునేల అది. మంచినీళ్లు దూరం నుంచి మోసుకొచ్చుకోవాలి. అలాంటిచోట ఆ ఇంట్లో దాచుకున్న ఎనిమిది బిందెల మంచినీళ్లూ నా సైన్సుకి ధారపోశాను. సబ్బు అరిగింది, నా చేతులు అరిగాయి, మరక వదిలింది. కానీ గుడ్డ కాస్త నలిగినట్టు, కళ తప్పినట్టు అనిపించింది. అప్పుడే నాలో హాస్టల్ కళాకారుడు నిద్రలేచాడు. నేను హాస్టల్లో ఉన్న నాలుగేళ్లూ నా చొక్కాల తెలుపు చూసి అందరూ నన్ను ట్యూబులైటు అనేవాళ్లు. ఆ రహస్యం నీలిమందు. చెంబెడు నీళ్లలో చిటికెడు కలిపి, ఆ నీళ్లు బకెట్లో పోసి చొక్కా జాడిస్తే చూసేవాళ్ల కళ్లు చెదరాల్సిందే.

పాలెంలో ఉన్న ఒకే ఒక్క కిరాణా కొట్టుకి పరిగెత్తి మూడు పొట్లాలు తెచ్చాను.

"ఒక్క పొట్లం సాల్లే నాయనా, ఎక్కువైపోద్ది" అంది బసవమ్మ అత్త.

"పెద్ద గుడ్డ కదత్తా. పెద్ద గుడ్డకి పెద్ద మోతాదు."

"నా పెళ్లినాటినుంచీ ఉతుకుతన్నా..."

"అత్తా, నేను ఎమ్మెస్సీ."

ఆవిడ నోరు మూసుకుంది. ఎమ్మెస్సీ ముందు ఎవరి అనుభవమైనా నోరు మూసుకోవాల్సిందే కదా. మూడు పొట్లాలూ దిమ్మరించాను. గుడ్డని రెండు తాటిచెట్లకి కట్టిన తాళ్ల మీద ఆరేశాం. ఎండలో అది ఎలా మెరిసిందనుకున్నారు! దాన్ని చూసి కళ్లు నులుముకోనివాడు లేడు. నాంచారయ్య మావయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని, "అబ్బో, చూడలేకపోతన్నాం బాబూ" అన్నాడు. నా ఛాతీ మడచెట్టు వేళ్లలా నాలుగు పక్కలకీ ఉబికింది.

మర్నాడు సాయంత్రం మేడమ్ వచ్చి గుడ్డ చూసింది.

"చాలా శుభ్రంగా ఉందే. దుమ్మేమీ పడలేదు కదా?"

"లేదు మేడమ్. కంటికి రెప్పలా చూసుకున్నాను."

"తీసినది తీసినట్టే ఉంది కదా?"

"తీసినది తీసినట్టే మేడమ్."

బసవమ్మ అత్త తలుపు చాటునుంచి నన్ను ఒక చూపు చూసింది. నేను ఆకాశం వైపు తిరిగి రేపటి వాతావరణం గురించి మాట్లాడాను.

విమానం రోజు పాలెం పక్కన ఉన్న చవిటి నేల మీద గుడ్డ పరిచాం. నాంచారయ్య మావయ్య కర్ర పట్టుకుని చుట్టూ కాపలా కాశాడు. ఎందుకంటే ఆ నేలలో ప్రతి అడుగుకీ ఒక బొరియ, ప్రతి బొరియలో ఒక పీత. ఏ పీత ఎక్కి నడిచినా సైన్సుకి మచ్చ అని నేనే ఆయన్ని భయపెట్టాను. "ఆగవే, ఇది విమానమోళ్ల గుడ్డ" అని పీతల్ని బతిమాలుతూ ఆయన పరిగెత్తడం చూసి మేడమ్ కూడా నవ్వింది. గన్నవరంలో లేచిన విమానం గుడివాడ మీదుగా వచ్చి, అడవి మీద దుక్కి దున్నినట్టు పొడుగ్గా అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది. బందరులో మా అమ్మ మేడెక్కి చెయ్యి ఊపిందట. విమానం అటువైపు వెళ్లనేలేదు.

"గుడ్డ పని అయిపోయింది. వీళ్లకిచ్చేయ్ మూర్తీ, వాడుకుంటారు" అంది మేడమ్. బసవమ్మ అత్త సంతోషంగా తీసుకుంది. ఆకులు కోసుకెళ్లి పరీక్షించే పని ఎండాకాలంలో పెట్టుకుందామని హైదరాబాదు వెళ్లిపోయాం.

కొన్ని వారాలకి కంప్యూటరు లెక్కలు పూర్తయ్యాయి. పటం తెర మీదికి వచ్చింది. పచ్చగా ఉండాల్సిన అడవి ఆ చివరినుంచి ఈ చివరిదాకా పసుపూ నారింజా రంగుల్లో పాలిపోయి ఉంది. ఒక మూల కాదు, ఒక పాయ పక్కన కాదు, అడవంతా. మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇదేమిటి మూర్తీ?"

"కామెర్లలా ఉంది మేడమ్."

"లేజరు లెక్క చూడు. చెట్లు ఎత్తుగా ఉన్నాయి, గుబురుగా ఉన్నాయి. ఒక్క కొమ్మ కూడా పల్చబడలేదు. మనిషి చూస్తే పహిల్వాను, ఒంట్లో రక్తం చూస్తే చుక్క లేదు. ఇలా ఎలా ఉంటుంది?"

మళ్లీ లెక్కగట్టారు. మళ్లీ అదే. మళ్లీ మళ్లీ అదే. ఏదో కొత్త తెగులు అన్నారు కొందరు, నీళ్లలో విషం అన్నారు కొందరు. నేను అందరికంటే ఎక్కువ బాధపడ్డాను. నిజం చెబుతున్నాను, నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. "అయ్యో నాంచారయ్య మావయ్య అడవికి ఎంత కష్టం వచ్చింది" అని ఒక పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. గొంతు నులిమినవాడే పాడె ముందు నడిచి ఏడ్చినట్టుంది కదూ?

ఇలాంటి సంగతి దాచకూడదు కాబట్టి మేడమ్ పైవాళ్లకి తెలియజేసింది. అటవీశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పాలెంలో తుఫాను షెల్టరులో సమావేశం పెట్టారు. మేడమ్, నేను కూడా వెళ్లాం. మంచి ఎండాకాలం. పాలెం పాలెమంతా వచ్చి నేల మీద కూర్చుంది. పెద్దాయన నిలబడి మర్యాదగానే చెప్పాడు.

"విమానం లెక్కల్లో అడవికి జబ్బని తేలింది. కారణం ఏమిటో తెలిసేదాకా పాయల్లోకి పడవలు వెళ్లడం, పీతలు పట్టడం ఆపాలి. రెండేళ్లు పట్టొచ్చు. మీ మంచికే చెబుతున్నాం."

నాంచారయ్య మావయ్య ముందు వరుసలోంచి చేతులు జోడించాడు.

"రెండేళ్లంటే ఎట్టాగండీ? మాకు ఆ పాయ తప్పితే ఇంకోటి తెలవదు. పొలం లేదు, పుట్ర లేదు. పొయ్యి వెలగాలంటే పొద్దున్నే పడవ కదలాలి."

"నాకు తెలుసయ్యా. కానీ అడవి చచ్చిపోతే ఎలాగూ పాయలో ఏమీ మిగలదు కదా."

"అడవికి జబ్బొస్తే నాకు తెలవదా అయ్యా? ఇయ్యాల తెల్లారి కోసుకొచ్చా, చూడండి." ఆయన వెనకనుంచి ఒక మడకొమ్మ తీసి పట్టుకున్నాడు. ఆకులు చిలకల్లా ఉన్నాయి.

"ఒక్క కొమ్మ చూసి అడవి సంగతి చెప్పలేం. కంప్యూటరు అడవినంతా చూసి చెప్పింది."

"కంప్యూటరు ఎప్పుడన్నా మడలో దిగిందా అండీ?"

పెద్దాయన "పోనీ నువ్వే చూడు" అని రంగుల పటం ఆయన చేతిలో పెట్టాడు. మావయ్య దాన్ని ఒళ్లో పరుచుకుని, తన అడవిని తనే గుర్తుపట్టలేక, తడుముకుంటూ చూస్తున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన సంతకం చేయడానికి కలం తీశాడు.

సరిగ్గా అప్పుడు నా చూపు ఆ పటం అంచు మీద పడింది. తెల్లకాగితం. దాని కింద మావయ్య కట్టుకున్న పంచె. అది మా గుడ్డలోంచి చింపుకున్న పంచె. షెల్టరులోకొచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ ఆ పంచె మల్లెపువ్వులా మెరుస్తోందనే అనుకున్నాను. కానీ కాగితం పక్కన పెట్టి చూస్తే అది తెలుపు కాదు. నీలం. పొద్దున్నే ఆకాశం ఉంటుందే, ఆ నీలం.

ఇక నా స్థితి వర్ణించలేను. చెవుల్లో విమానం తిరిగింది. మన కంటికి కాస్త నీలం తగిలితే తెలుపు ఇంకా తెల్లగా అనిపిస్తుంది. కెమెరాకి ఆ మొహమాటం లేదు. నా నీలిమందు గుడ్డలో కూర్చుని ఎర్ర వెలుగుని మింగేసింది. తక్కెడలో కిలోరాయి అరిగిపోతే వంకాయలన్నీ బరువెక్కినట్టు కనిపిస్తాయి చూడండి, అలా ఎరుపు తగ్గిన గుడ్డతో పోల్చేసరికి అడవిలో ప్రతి ఆకూ ఎరుపు వదిలేస్తున్నట్టు, పత్రహరితం లేనట్టు లెక్క తేలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను గుడ్డకి మందేస్తే ఉన్న అడవి ఊడింది.

నోరు మూసుకుని కూర్చోవచ్చు. ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఆలోచన వచ్చింది. కానీ ఎదురుగా మావయ్య ఆ పటాన్ని తడుముతూనే ఉన్నాడు.

"మేడమ్..." అన్నాను. "మేడమ్, ఆ పంచె..."

"పంచెకేమైంది?"

"అది మన కిలోరాయి మేడమ్. కాగితం పక్కన చూడండి."

మేడమ్ చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత మళ్లీ పంచెని చూసింది.

"మూర్తీ, ఆ గుడ్డని ఉతికావా?"

"ఒక్కసారే మేడమ్."

"విమానానికి ముందా?"

"ముందే మేడమ్."

"సబ్బుతోనా?"

"సబ్బుతో... ఇంకా..."

"ఇంకా?"

వెనక వరుసలోంచి బసవమ్మ అత్త లేచి నిలబడింది.

"నీలిమందమ్మా! మూడు పొట్లాలు! ఒకటి సాలని నే సెప్తానే ఉన్నా, ఎమ్మెస్సీ అన్నాడు. ఆరోజు నుంచి ఆ పంచెకి నేను నీలిమందు ముట్టించలేదు, ఇంకా అదే వదుల్తా ఉంది!"

పెద్దాయన కలం గాల్లో ఆగిపోయింది.

"అంటే అడవికి జబ్బు లేదా?" అన్నాడాయన.

"అడవికి కాదండీ, గుడ్డకి" అన్నాను.

"గుడ్డకి కూడా కాదు" అంది మేడమ్ నా వైపు చూడకుండా.

కానీ మాటలతో పని జరగదు. "రుజువు కావాలి. నేను పైకి ఏమని రాయను, నీలిమందని రాయనా?" అన్నాడు పెద్దాయన. మేడమ్ ఆకులు పరీక్షించడానికి తెచ్చిన పరికరం ఉంది, టార్చిలైటంత ఉంటుంది. ఆరోజు గుడ్డ ఎలా ఉందో అలాగే ఉన్న ముక్క దొరికితే కొలిచి లెక్క సరిచేయొచ్చు. కానీ పంచె ఎన్నోసార్లు ఉతికేశారు. ఆ గుడ్డతోనే కుట్టిన దిండు గలీబులూ ఉతికేశారు. ఇంకో ముక్క వలల గదిలో ఎలుకలు కొట్టేశాయి. నేను బిక్కమొహంతో నిలబడి ఉంటే బసవమ్మ అత్త నెమ్మదిగా, "గంగమ్మ తల్లికి మేల్కట్టు కట్టా. దాన్ని ఎవురూ ఉతకరు" అంది.

సమావేశం సమావేశమంతా గంగమ్మ గుడికి నడిచింది. చిన్న గుడి. అమ్మవారి తల మీద నా నేరం నాలుగు మూలలా కట్టి ఉంది.

"అమ్మవారికిచ్చింది వెనక్కి తీసుకోకూడదమ్మా" అంది అత్త.

"తీసుకోం. ఎండలో ఒక్కసారి చూసి మళ్లీ కట్టేద్దాం" అని బతిమాలింది మేడమ్.

అత్త ఆలోచించి ఒప్పుకుంది. స్నానం చేసి తడిబట్టతో వచ్చి తనే ముడులు విప్పింది. నేల తగలకుండా నలుగురు ఆడవాళ్లు నాలుగు కొసలూ పట్టుకున్నారు. నేను కూడా ఒక చెయ్యి వేయబోయాను.

"నువ్వు అక్కడే ఉండు!" అంది అత్త. "నీ సేతికి నీళ్లు దొరికితే మళ్లీ ఉతుకుతావు."

అంత ఉద్రిక్తతలోనూ పాలెమంతా ఘొల్లుమంది. పెద్దాయన అటు తిరిగి దగ్గాడు. మేడమ్ పరికరం పెట్టి ఒకటికి పదిసార్లు కొలిచింది. నిజంగానే ఎరుపు దగ్గర గుడ్డ చతికిలబడిపోయింది. పెద్దాయన కలం మూత పెట్టేశాడు. మావయ్య పటం మడిచి నా చేతికిచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే బాబూ, సెప్పావుగా" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. అక్కడే ఏడ్చేశాను.

హైదరాబాదు వెళ్లి సరిచేసిన లెక్క వేస్తే, తెర మీద అడవి అంచులనుంచి మధ్యదాకా పచ్చబడింది. మేడమ్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. దానికంటే పెద్ద శిక్ష వేసింది. మా సంస్థలో కొత్తగా చేరినవాళ్లకిచ్చే సూచనల పుస్తకంలో ఒక వాక్యం చేర్పించింది: "కొలత గుడ్డను ఎవరూ ఉతకరాదు. మూర్తి అసలే ఉతకరాదు." ఆ తర్వాత నేను అక్కడ ఎన్నేళ్లు పనిచేశానో అన్నేళ్లూ ఆ పుస్తకం ప్రతి కొత్తవాడి చేతిలో ఉంది. అందరూ మొదటిరోజే నా దగ్గరికొచ్చి, "మూర్తి అంటే మీరేనాండీ?" అని అడిగేవాళ్లు.

ఆరోజు గంగమ్మ గుడి ముందే ఒట్టేసుకున్నాను, నీలిమందు పొట్లం ముట్టనని. ముట్టలేదు. దాంతో నా తెల్లచొక్కాలన్నీ క్రమంగా టీ రంగుకి తిరిగాయి. మొన్న నాంచారయ్య మావయ్య పెడన పెళ్లికి వచ్చి, దారిలో బందరులో మా ఇంటికి ఒక బుట్ట పీతలు తెచ్చాడు. ఇంకా ఆ పాయలోవే. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటల్లుడూ, కామెర్లొచ్చినాయా?"

"నాకు కాదు మావయ్యా, చొక్కాకి."

ఆయన నవ్వి, రొంటినుంచి చిన్న పొట్లం తీశాడు. "మీ అత్త పంపింది. ఒక్క చిటికెడేనంట. ఇన్నేళ్ల తర్వాత గంగమ్మ ఏమీ అనదులే."

నేను రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాను. "వద్దు మావయ్యా. ఆ కామెర్లు నా చొక్కాకే ఉండనీ. అడవికి పోకుండా ఉంటే చాలు." ఇదే నా ప్రతిజ్ఞ. పీతల సాక్షిగా, గంగమ్మ సాక్షిగా, మా మేడమ్ పుస్తకం సాక్షిగా చెబుతున్నాను. పొట్లం మాత్రం మా ఆవిడ తీసుకుంది.